కరువులో చేసిన కాలు

మా ఇంట్లో మిద్దె దూలానికి కాళ్ళు వేలాడుతుండేవి. పక్కింటివాళ్ళ దూలానికి ఉల్లిగడ్డల కట్టలు, విత్తనానికి దాచిన జొన్నకంకులు ఉండేవి. మా దూలానికి తుమ్మకట్టె కాలొకటి, వేపకట్టె కాలొకటి, వెదురుకాలు, మడతబందు బిగించి విరగ్గొట్టుకున్న కాలు ఇంకొకటి. కొత్తగా వచ్చిన చుట్టం చెంబెత్తి నీళ్ళు తాగుతూ పైకి చూసి పొలమారేవాడు. మా అవ్వ వాడి నెత్తిన తట్టేది. నేను నవ్వేదాన్ని. నాయనలందరూ తమ కాళ్ళు తామే చేసుకుంటారని చాన్నాళ్ళు అనుకున్నాను కూడా.

మాది పామిడికీ తాడిపత్రికీ మధ్యన ఒక చిన్న ఊరు. ఎర్రనేల, ఒక బావి, ఒక జత ఎద్దులు, మబ్బును నమ్ముకుని పడుండే మెట్టచేను. యాభైల మొదట్లో వచ్చిన కరువుకు బావి ఎండిపోయింది. గంజి పోసే చోటికి అవ్వా నేనూ గిన్నెలు పట్టుకుని పోయేవాళ్ళం. నాయన ఊళ్ళో మగవాళ్ళతో కలిసి తాడిపత్రి వైపు నాపరాయి గనుల్లో పనికి పోయాడు. ఒకరోజు బండికెక్కిస్తున్న పలకరాయి జారి ఆయన ఎడమకాలి మీద పడింది. పసరు పోసి, కట్టు కట్టి, కొన్నాళ్ళు చూసి ఆసుపత్రికి తీసుకుపోయేసరికి కాలు నల్లబడింది. మోకాలికి జానెడు కింద తీసేశారు. మోకాలు మిగలడం అదృష్టమని డాక్టరు చెప్పాడట. ఆ మాటను నాయన ఇంటికి ప్రసాదంలా తెచ్చుకున్నాడు. "మోకాలుండాది గదా. మోకాలుంటే మనిషున్నట్లే" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

చంకకర్రలతో వచ్చాడు. వాటి మీద ఆయనకు మొదటి రోజు నుంచే మంట. దానికి కారణం ఉంది. గొర్రు తోలే మనిషికి రెండు చేతులూ కావాలి. గొర్రు అంటే మేము విత్తనం వేసే పనిముట్టు. ముందు ఎద్దులు, వెనక మేడి అనే పిడిని అదిమి పట్టుకుని మగమనిషి, పక్కనే నడుస్తూ జడ్డిగం అనే చెక్కగిన్నెలోకి గింజ వదులుతూ ఆడమనిషి. గింజ గొట్టాల గుండా జారి సాలులో పడుతుంది. మేడి పట్టినవాడి ఒక చేయి మేడికి, రెండో చేయి పగ్గానికీ చెలకోలకూ సరిపోతుంది. చంకకర్రలు ఒక కాలిచ్చి రెండు చేతులు లాక్కుంటాయి. "ఇయ్యి నన్ను తిప్పుతాండాయి అంతే, పని చేయనియ్యవు" అని నాయన వాటిని మూలకు విసిరేశాడు.

మా వైపు వాన పడితే నేల పదునుగా ఉండేది రెండు రోజులు, మహా అయితే మూడు. ఆ పదునులో పడిన గింజే మొలుస్తుంది. ఆ రెండు రోజులు ఊళ్ళో ప్రతి మగవాడూ తన చేనిలోనే ఉంటాడు. తోడబుట్టినవాడు పిలిచినా రాడు, రాలేడు. ఇక ఆడది మేడి పట్టకూడదు. పడితే వాన వెనక్కి పోతుందని ఊరి నమ్మకం. మగదిక్కు పోయిన ఇంట్లో ఆడది పడితే మాత్రం ఊరు చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. ఆ న్యాయం నాకు ఇప్పటికీ అర్థం కాదు. మొగుడు చచ్చినదాన్ని వాన క్షమిస్తుంది కాబోలు.

కాలు పోయిన మరుసటి ఏడు ఒక వాన పడింది. మా మేనమామ తన చేను విత్తుకుని, మూడో రోజు పొద్దెక్కాక మా చేనికి వచ్చాడు. అప్పటికే నేల ఆరింది. చీమలు తిన్నవి పోగా మొలిచిన గింజలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నాయన మేనమామను ఒక్క మాట అనలేదు. ఆయన ఎద్దులు, ఆయన చేను, ఆయన పిల్లలు, ఏమనగలడు? ఇంటికొచ్చాక అమ్మతో అన్నాడు.

"వచ్చే వానకు గొర్రు నేనే పట్టాల. లేకుంటే ఆ చేను మన్ది గాదు."

నాయన కాళ్ళు చేయడం అక్కడ మొదలైంది. ఆయనకు కావలసింది నడక కాదు, విత్తడం. ఈ తేడా ఊళ్ళో చాలామందికి తెలియలేదు. కుంటివాడి సరదా అనుకున్నారు.

నిజానికి ముందు ఒక మంచి కాలే వచ్చింది. కాలు తీసిన డాక్టరు దయగలవాడు. మద్రాసులో ఎవరినో అడిగి తెప్పించి ఇప్పించాడు. నున్నగా, మెరుగ్గా, దొరల ఒంటి రంగు పూసి ఉండేది. నాయనది కారునలుపు. "ఒక కాలు దొరది, ఒక కాలు మన్ది, సంత చేసుకొచ్చినాడు నా కొడుకు" అని అవ్వ నవ్వింది. ఆ కాలికి బూటు బిగించి ఉంది. అది ఊడదు. బూటు లేకపోతే ఆ కాలు ఒక పక్కకు ఒరిగిపోతుంది.

తంటా గడప దగ్గర వచ్చింది. మా ఇంట్లోకి చెప్పులతో ఎవరూ రారు. అవ్వ గడపకు అడ్డంగా కూర్చుని, "చెప్పు ఇడ్సి రా నాయనా" అంది. బూటు విడవాలంటే కాలు విడవాలి. నాయన కట్లు విప్పి, ఆ మద్రాసు కాలును మా చెప్పుల పక్కన నిలబెట్టి, చేతుల మీద ఈడ్చుకుంటూ లోపలికి వచ్చాడు. అలా ఎన్నో రోజులు. ఒకనాడు వీధికుక్క ఆ కాలును నోట కరుచుకుని పోయింది. బూటు తోలు వాసనకు కాబోలు. మేమంతా కుక్క వెంట, మా వెంట వీధి పిల్లలు. కాలు దొరికింది గానీ, నవ్వి నవ్వి ఇంటికొచ్చాక అమ్మ వంటింట్లో గోడకు తిరిగి ఏడ్చింది.

ఇంకో సంగతి, తొడదాకా పట్టీలు బిగించే ఆ కాలు మడతపడదు. బాసిపట్లు వేసుకుని కూర్చోలేడు. మేమంతా కింద కూర్చుని సంగటి తింటుంటే, కాలు పెట్టుకున్న రోజున నాయన అరుగు మీద ఒక్కడే, చుట్టంలా, కాలు చాపుకుని తినేవాడు. ఆయనకు ముద్ద దిగేది కాదు. కుర్చీలో కూర్చుని, బూట్లతో ఇంట్లో తిరిగేవాళ్ళకు అది చక్కని కాలు. తప్పు కాలుది కాదు, మాదీ కాదు.

అప్పటినుంచి గోడల మీద బొగ్గుతో కాళ్ళ బొమ్మలు మొదలయ్యాయి. నాయనకు చదువు రాదు గానీ బొమ్మ వచ్చు. సున్నం కొట్టిన గోడ కొంతకాలానికి కాళ్ళతో నిండిపోయింది. పక్కనుంచి చూసిన కాలు, ముందునుంచి చూసిన కాలు, మడిచిన కాలు. అమ్మ తిట్టుకుంటూ తుడిచేది, ఆయన మళ్ళీ గీసేవాడు. పనిలో పనిగా అవ్వకూ ఒక చేతికర్ర చేశాడు. అవ్వ నడుము వంగిపోయి ఉండేది. మామూలు కర్ర పట్టుకుంటే కూర్చోవడానికి ఒంగలేదు, లేవడానికి ఆనలేదు. నాయన ఒకే కర్రకు రెండు చోట్ల పిడులు పెట్టాడు. పై పిడి నడవడానికి, కింది పిడి లేవడానికి. అవ్వ దాన్ని ఎవరికీ ఇచ్చేది కాదు. గుడికి పోయినా దాన్ని బయట పెట్టకుండా లోపలికి తీసుకుపోయి పూజారితో తగాదా పడింది.

నాయన కాలు మాత్రం అంత సులువుగా కుదరలేదు. తుమ్మకట్టెతో చేసింది గట్టిదే, కానీ బరువు. సాయంత్రానికి మోకాలు వాచేది. వేపది ఎండకు పగిలింది. వెదురుది తేలిక, అయితే చీలి పొడుచుకుంది. అసలు కష్టం కట్టెది కూడా కాదు, కాలు కట్టెతో కలిసే చోటుది. మిగిలిన మొండి పిక్క చెక్కగిన్నెలో కూర్చోవాలి. గుడ్డ చుడితే జారేది, చుట్టకపోతే ఒరుసుకుపోయేది. పుళ్ళు పడేవి. అమ్మ వేపాకు నూరి పెట్టేది. మానగానే మళ్ళీ కట్టేవాడు.

ఒకరోజు నాయన బావి దగ్గరికి పోయి కపిల తొండం విప్పుకొచ్చాడు. బావిలోంచి ఎద్దులతో నీళ్ళు తోడే బానకు కింద తోలుగొట్టం ఒకటి ఉంటుంది, దాన్నే తొండం అంటారు. బావి ఎండినప్పటినుంచి అది వాడక లేక బావి గట్టు పక్కన వేలాడుతూ ఉండేది. మెత్తని తోలు, ఏళ్ళ తరబడి నీళ్ళలో నాని, ఆముదం తాగి, మనిషి చర్మంలా అయిన తోలు. నాయన దాన్ని మొండిపిక్కకు తొడిగి చూశాడు. కొలిచి కుట్టినట్టు పట్టింది. ఆయన ముఖం వెలిగిపోయింది. కత్తి తెమ్మన్నాడు.

అమ్మ కత్తి ఇవ్వలేదు. "దాన్ని కోస్తే బాయికి తొండం యాడిది?" అంది.

"బాయిలో నీళ్ళు యాడుండాయి?"

"రేపు వస్తాయి."

"వస్తే అప్పుడు చూసుకుందాం."

"వస్తే అని గాదు. నువ్వు దాన్ని కోస్తే నీళ్ళు ఇంగ రావని నువ్వే చెప్పినట్లు" అంది అమ్మ.

నాయన ఆ తోలును ఒళ్ళోకి తీసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "బాయి నీళ్ళు నేను తేలేను మే. వాన నీళ్ళతో పండే చేను మాత్రం నేను విత్తగలను. ఏదో ఒకటి నమ్ముకోనీ." అమ్మ లోపలికి పోయి కత్తి తెచ్చి కింద పెట్టింది. చేతికి ఇవ్వలేదు.

ఆ తొండంతో కుదిరిన కాలే చివరి కాలు. పైన తోలు, నడుమ పాలకొడిసె కట్టె. ఆ కట్టె బొమ్మలు చేసేవాళ్ళు వాడేది, తేలిక, చీలదు. తోలుకూ కట్టెకూ మధ్య ఒక చీల పెట్టాడు, కాడికి చీల పెట్టినట్టే. ఆ చీల లాగితే కట్టె వెనక్కి మడిచి కూర్చోవచ్చు. చీల తోస్తే నిలబడవచ్చు. మొదటి రోజు నాయన గడప ముందు నిలబడ్డాడు. అవ్వ కాలును కిందికీ పైకీ చూసింది.

"తోలుండాది గదా" అంది అవ్వ.

"బాయి తొండమమ్మా" అన్నాడు నాయన.

అవ్వ వంగి తోలును తడిమింది. "దాంట్లో వచ్చిన నీళ్ళే గదా మనమందరం తాగినది. దేవునికి అభిషేకం చేసిందీ ఆ నీళ్ళే. దానికి అంటు యాడిది? రా లోపలికి" అంది. నాయన రెండు కాళ్ళ మీద గడప దాటాడు. చీల లాగి, బాసిపట్లు వేసుకుని, మా మధ్య కూర్చుని సంగటి తిన్నాడు. ఆ పూట అమ్మ ఆయనకు వడ్డించిన నెయ్యి మా అందరి వాటా.

ఇక కట్టె కొన సంగతి మిగిలింది. మా నేల మీద నడిస్తే కట్టె కొన నెల తిరక్కుండా అరిగిపోయేది. ఎన్నో నెలలుగా వాన లేదు. దున్నడానికి లేదు, నాగలి దిగదు. చేను చేనంతా ఇంటి ముందరి బండలాగే గట్టిపడింది. నాయన పాతటైరు ముక్క కొట్టి చూశాడు, ఊడిపోయింది. చివరికి సంతలో ఎద్దుల గిట్టలకు లాడాలు కొట్టేవాడి దగ్గర కూర్చుని, ఒక లాడం వంచి, గుండ్రంగా చుట్టించి, కొనకు కొట్టించుకున్నాడు. అది కుదిరింది. రాయి మీద టక్కుమని నిలబడేది. జారదు, అరగదు. ఊరంతా ఎగతాళి చేసింది. "ఏమప్పా, ఎద్దుకు కొట్టిచ్చినావా, నువ్వు కొట్టిచ్చుకున్యావా?" అనేవాళ్ళు. "ఎద్దుకు మేత లేదు, లాడమెందుకు? నాకే పని ఉండాది" అనేవాడు నాయన. ఆయన నడుస్తుంటే వీధి చివర నుంచే తెలిసేది.

ఆ వేసవి, ఆ మరుసటి వేసవి కూడా ఆయన సాధన చేశాడు. ఎద్దులను కాపాడుకోవడమే ఒక యుద్ధంగా ఉన్న రోజులు. పాత కొట్టం మీది బోదగడ్డి పీకి వాటికి మేపాం. ఆ బక్క ఎద్దులను కట్టి, గొర్రు పళ్ళు నేలకు తగలకుండా తిరగేసి, ఎండిన చేనిలో ఆ గట్టు నుంచి ఈ గట్టుకు తోలేవాడు. మొదట్లో పడ్డాడు. తర్వాత తర్వాత మలుపు దగ్గర కూడా తడబడకుండా, మేడి మీద చేయి వదలకుండా, ఆ లాడం కాలిని ఎక్కడ ఎంత వేయాలో నేర్చుకున్నాడు. దారిన పోయేవాళ్ళు నిలబడి చూసేవాళ్ళు. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమని! వాన యాడుండాదన్నా?" అని ఒకాయన అరిచాడు. నాయన కూడా నవ్వాడు. ఆయన అలా నోరారా నవ్వడం కాలు పోయాక అదే మొదటిసారి. నేను గట్టు మీద కూర్చుని చూస్తూ, మా నాయన లాంటి మొనగాడు లోకంలో లేడనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటాను.

ఆ కాలు గురించి సలహా ఇవ్వనివాళ్ళు మా ఊళ్ళో లేరు. వడ్రంగి బరువు తగ్గించమన్నాడు. చెప్పులు కుట్టే ఆయన కుట్టు ఎటు పోవాలో చెప్పాడు. మేనమామ చీల ఇనుముతో చేయించమన్నాడు. అవ్వ దానికి దిష్టిపూస కట్టింది. జారుతుందేమో అన్నారు, విరుగుతుందేమో అన్నారు, ముల్లు దిగబడుతుందేమో అన్నారు. అందరం రైతులమే, మట్టిలో పుట్టినవాళ్ళమే. ఒక్కరికీ తడినేల గుర్తు రాలేదు. చూసి ఎన్నేళ్ళయిందో అందరికీ. నేల అంటే గట్టిగా ఉండేదని ఊరు ఊరంతా అలవాటు పడిపోయింది.

వాన ఆరుద్ర కార్తెలో వచ్చింది. మధ్యాహ్నం ఉడుకెత్తి, సాయంత్రానికి కొండల వైపు నల్లబడి, ఒక్కసారిగా కుండలతో కుమ్మరించినట్టు కురిసింది. అవ్వ తలుపు తీసి వానలోకి చేతులు చాపి గొల్లున ఏడ్చింది. నాయన వాకిట్లోకి పోయి తడుస్తూ నిలబడ్డాడు. మా వాకిలి నాపరాళ్ళు పరిచిన వాకిలి. లాడం కాలు ఆ తడిబండ మీద కొంచెం జారింది. అమ్మ పరుగెత్తి గోనెపట్ట తెచ్చి, "కొనకు చుట్టుకో, రేపు జారుతావు" అంది. ఎంత జాగ్రత్త మా అమ్మది! జారడం గురించే ఆలోచించింది.

రాత్రంతా కురిసి నిలిచింది. మరునాడు నేల నీళ్ళు పీల్చుకునే దాకా ఆగి, ఆ మరునాడు పొద్దున్నే ఊరంతా చేలల్లో ఉంది. ఎటు చూసినా ఎద్దుల మెడగంటలు, మనుషుల అదిలింపులు. నాయన కొత్త పంచె కట్టుకున్నాడు. గొర్రుకు పసుపు, కుంకుమ పెట్టి అమ్మ టెంకాయ కొట్టింది. ఆమె ఒళ్ళో వేరుశనగ గింజలు. అవ్వ రెండు పిడుల కర్రతో గట్టు మీద నిలబడింది. నాయన మేడి పట్టి ఎద్దులను అదిలించాడు.

రెండు మూడు అడుగులు పడ్డాయి. ఆ తర్వాతి అడుగుకు లాడం నేలలోకి పోయింది. గునపం దిగినట్టు దిగింది, తోలు దాకా. ఎద్దులు ముందుకు పోతున్నాయి, మేడి ఆయన్ని ముందుకు లాగింది, కాలు వెనక ఉండిపోయింది. బోర్లా పడ్డాడు. అమ్మ అరిచి ఎద్దులను ఆపింది. ఆయన లేచి, కాలు పీక్కుని, మట్టి దులుపుకుని, "ఏం గాలే, ఎద్దుల్ను తోలు" అన్నాడు తనకు తానే. మళ్ళీ మేడి పట్టాడు. మళ్ళీ దిగింది. తోలుకు ఏమీ కాలేదు, నీళ్ళలో బతికిన తోలు అది. కట్టెకు ఏమీ కాలేదు, చీల చెక్కుచెదరలేదు. ఇన్నేళ్ళు ఆయన చేసినదంతా సరిగ్గానే ఉంది. కింద నేల ఒక్కటే మారింది.

గోనెపట్ట చుట్టి చూశాం. మా ఇంటి చేటను విరిచి కొనకు కట్టి చూశాం. ఒక చెక్కపలక కట్టి చూశాం. పలక దిగలేదు గానీ, మా ఎర్రమట్టి తడిస్తే జిగురు, అడుగడుక్కీ ముద్దగా పట్టుకుని కాలు ఎత్తనివ్వలేదు. నాయన ఒళ్ళంతా మట్టి. మోచేయి చీరుకుపోయి రక్తం. ఎండ ఎక్కుతోంది. పక్క చేలవాళ్ళు మా వైపు చూడడం మానేశారు. చూసినా ఎవరు రాగలరు? పదును ఎవరికోసమూ ఆగదు.

నాయన గట్టు మీద కూర్చుని కట్లు విప్పాడు. కాలు పక్కన పెట్టి అమ్మతో అన్నాడు.

"నువ్వు పట్టు."

"నేనా?" అంది అమ్మ. "నువ్వుండంగా నేను మేడి పడ్తానా? ఊరేమంటాది? వాన..."

"వాన పడిపాయ గదా. ఇంగ పోయేదేముండాది?"

అమ్మ కదల్లేదు. "మగోడు పోయిన ఇంట్లో పడ్తారు ఆడోళ్ళు. నా నోటితో ఎందుకనిపిస్తావు?" అని ఏడుస్తూ అంది.

నాయన చేనికి వీపు పెట్టి, అటు తిరిగి కూర్చున్నాడు. "నేను చూడ్నులే. పట్టు, పదును పోతాండాది" అన్నాడు.

అమ్మ చెంగు నడుముకు దోపుకుని మేడి పట్టింది. గింజల ఒడి నా నడుముకు కట్టారు. జడ్డిగం నాకు అందీ అందనట్టు ఉండేది. సాలు తర్వాత సాలు, అమ్మ వంకరటింకరగా తోలుతుంటే నేను గింజ వదులుతూ పోయాను. ఎప్పుడు తల తిప్పినా గట్టు మీద నాయన వీపే కనిపించేది. అన్ని గంటలు ఆయన ఒక్కసారి కూడా తిరగలేదు.

గింజ పడ్డాక సాళ్ళు మూయాలి, లేకపోతే పిట్టలు, చీమలు మిగల్చవు. దానికి గొర్రు విప్పి గుంటక కడతారు. గుంటక తేలిపోకుండా దాని మీద బరువు ఉండాలి. రాయి పెడతారు, లేదంటే పిల్లల్ని కూర్చోబెడతారు. నేను బక్కపిల్లను, నా బరువు చాలలేదు. అమ్మ రాయి కోసం చుట్టూ చూసింది. అప్పుడు నాయన ఇటు తిరిగాడు. తడిమట్టిలో చేతుల మీద, ఒక మోకాలి మీద పాక్కుంటూ వచ్చి గుంటక ఎక్కి కూర్చున్నాడు.

"రాయి ఎందుకు ఎతుకుతారు? నేను లేనా?" అన్నాడు.

అమ్మ ఎద్దులను అదిలించలేకపోయింది. నాయనే అదిలించాడు. గుంటక కదిలింది. ఆయన వెనక్కి తిరిగి కూర్చుని, మూసుకుపోతున్న సాళ్ళనే చూస్తూ పోయాడు. మలుపు దగ్గర, "బరువు సరిపోతాండాదా?" అని అడిగాడు. "సరిపోతాండాది" అంది అమ్మ. ఆమె ముఖం మీద కన్నీళ్ళు తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. నేను పక్కన నడుస్తూ, ఆ ఊరి మీద, ఆ వాన మీద, అన్నిటి మీదా పట్టలేని కోపంతో ఏడ్చాను. మంచి పదునులో పడిన గింజ అంతా మొలిచింది. ఆ ఏడు మాకు వచ్చినంత కాపు అంతకుముందు రాలేదు.

అమ్మ మేడి పట్టినందుకు ఊళ్ళో ఎవరూ ఏమీ అనలేదు. చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఎవరైనా తిట్టి ఉంటే నాయన బతికి ఉన్నట్టుండేది. ఆ ఊరుకోవడం ఆయనకు బాగా అర్థమైంది. ఎగతాళి చేసేవాళ్ళు కూడా మర్యాదగా మాట్లాడడం మొదలుపెట్టారు.

నాయన మళ్ళీ కాలు చేయలేదు. బురదకు వేరే కాలు చేసుకోమని మేనమామ అన్నాడు. "బురదకాలు చేయల్లంటే బురద కావల్ల. అది మనకు ఏడాదికి రెండు దినాలు. ఆ రెండు దినాలు కాలు చేసుకుంటా కూర్చుంటే విత్తేదెవరు?" అన్నాడు నాయన. అంతే, ఆ మాట తర్వాత గోడ మీద బొగ్గుగీత పడలేదు. ఊళ్ళో తిరగడానికి లాడం కాలు తొడుక్కునేవాడు. విత్తే రోజు మాత్రం దాన్ని ఇంట్లోనే విడిచి, బండిలో చేనికి వచ్చి, అమ్మ సాళ్ళు పూర్తి చేసేదాకా అటు తిరిగి కూర్చుని, ఎవరూ పిలవకముందే వచ్చి గుంటక ఎక్కేవాడు. వాన పడిన ప్రతి ఏడూ అదే. ఎప్పుడైనా చేనిలో మంచి రాయి కనిపిస్తే అమ్మ దాన్ని దూరంగా దొర్లించేసేది.

అరవైల్లో ఒక ఎండాకాలం నాయన జ్వరంతో పోయాడు. ఆ ఏడు వాన ముందే వచ్చింది. నేనప్పటికి పెళ్ళయి వేరే ఊళ్ళో ఉన్నాను, విత్తనానికని వచ్చాను. అమ్మ మేడి పట్టింది, నేను గింజ వదిలాను. ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు, ఇప్పుడిక అంతా పద్ధతి ప్రకారమే. గొర్రు విప్పి గుంటక కట్టాం. నేను గట్టవతల నుంచి ఒక రాయి మోసుకొచ్చి పెట్టాను. అమ్మ నాలుగడుగులు తోలి ఎద్దులను ఆపింది.

"చాల్లేదు. ఇంగొకటి పెట్టు" అంది.

పెట్టాను. మళ్ళీ నాలుగడుగులు పోయి ఆపింది. చాలలేదంది. సాళ్ళు చక్కగా మూసుకుంటూనే ఉన్నాయి, నాకు కనిపిస్తూనే ఉంది. అయినా ఇంకో రాయి తెచ్చాను, ఇంకొకటి కూడా తెచ్చాను. ఎద్దులు లాగలేక నిలబడిపోయాయి. అమ్మ మేడి వదిలేసి గుంటక పక్కన తడిమట్టిలో కూలబడి, ఆ రాళ్ళ మీద చెయ్యి వేసింది.

"ఎన్ని పెట్టినా ఆయప్ప బరువు రాలేదు పాపా" అంది.